టోపీలు పెట్టుకున్న జొన్నలు

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఆవిరమ్మ అంటారు. ఆపరేషన్ గదుల్లో వాడిన కత్తెరలు, పట్టుకార్లు, గిన్నెలు, ఆకుపచ్చ బట్టలు అన్నీ మెట్లు దిగి ఆమె గదికి చేరతాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, మూటలు కట్టి, మనిషి పట్టేంత ఉక్కు యంత్రంలోకి తోసి, ఆవిరి పట్టించి, ఒక్క క్రిమి కూడా మిగలకుండా పైకి పంపడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే యంత్రం. లోపల ఒత్తిడి ఎంతుందో ముల్లు చూడనక్కర్లేదు, చప్పుడు విని చెప్పేస్తుంది. పెద్ద డాక్టరు ఒకసారి అందరి ముందూ "ఆవిరమ్మ కట్టిన మూటని కళ్ళు మూసుకుని విప్పొచ్చు" అన్నాడు. ఆ మాట ఆమెకి ఇప్పటికీ నిన్న విన్నట్టే ఉంటుంది.

అలాంటి మనిషి నలభై ఎనిమిదో ఏట బూజు పెంచాలని కూర్చుంది.

దానికి కారణం రక్తపరీక్షల గదిలో పనిచేసే తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, ఆమెను అక్కా అని నోరారా పిలిచేవాడు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ కాగితం సంచి ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. విప్పి చూస్తే లోపల తెల్లటి పుట్టగొడుగులు, చెవుల్లా విచ్చుకుని, ఒకదాని మీద ఒకటి ఒరిగి, గుత్తిగా ఉన్నాయి.

"ఎక్కడ కొన్నావు?"

"కొనలేదక్కా. మా స్నానాలగదిలో పండించా."

ఆవిరమ్మ చేతిలో అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ప్రశ్న మీద ప్రశ్న. భోజనాల గంట అయిపోయేసరికి అతను ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేకపోయాడు. మర్నాడు చిటికెన వేలంత గాజుగొట్టం ఒకటి తెచ్చిచ్చాడు. అడుగున తెల్లటి నూలుపోగుల్లాంటిది అల్లుకుని ఉంది.

"ఇది మొక్క కాదు, బూజు. మంచి బూజు. ఉడికించిన జొన్నల మీద దీన్ని పాకిస్తే అదే విత్తనం. ఆ విత్తనాన్ని గడ్డిలోనో చొప్పలోనో కలిపితే పుట్టగొడుగులొస్తాయి. అయితే ఒకటక్కా, చెడ్డ బూజు ఒక్కటి దూరినా అంతా పోతుంది. శుభ్రం, అంతే. మిగతాదంతా దానికదే అవుతుంది."

"శుభ్రమా!" అని ఆవిరమ్మ గట్టిగా నవ్వింది. "ఎవరికి చెప్తున్నావు తమ్ముడూ?"

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. ముందు వసారాలో ఆమె భర్త సోఫాలు కుడతాడు. నోటి నిండా చిన్న మేకులు పెట్టుకుని రెక్సిన్ లాగుతూ, భార్య చెప్పేదంతా విని, మేకులు ఊసి, "ఇంట్లోకి బూజు రాకుండా దులపడానికి చీపురు కొంటాం. నువ్వు డబ్బిచ్చి పెంచుతానంటావు" అన్నాడు. ఆయన పక్కనే, ఎవరూ కొనని ఒంటిచేతి సోఫాలో మామగారు కూర్చుని ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు పొలాల్లో పనిచేసి, తర్వాత ముప్ఫయ్యేళ్ళు సైకిళ్ళ స్టాండు కాపలా కాసి, ఇప్పుడు కళ్ళతో ఇంటిని కాపలా కాస్తున్న మనిషి.

ఆవిరమ్మ విత్తనాల దుకాణానికి వెళ్ళింది. తిండి జొన్నలకంటే విత్తనపు జొన్నలే మేలురకం కదా అనుకుని, సంచీ మీద కంకి బొమ్మ ఉన్న పొట్లం కొంది. నానబెట్టింది, పగలకుండా ఉడికించింది, బట్ట మీద ఆరబోసింది, అంటుకోకుండా సుద్దపొడి కలిపింది. గాజు సీసాల్లో పోసి మూతికి దూది బిరడా బిగించి, పెద్ద ప్రెషర్ కుక్కర్లో రెండు గంటలు ఆవిరి పట్టించింది. చల్లారాక మంట పక్కన చేయి పెట్టి, గొట్టంలోంచి తెల్లటి ముక్క తీసి సీసాలో జారవిడిచింది. చేయి వణకలేదు, ఊపిరి కూడా పక్కకి తిప్పి వదిలింది.

వారం గడిచింది. పది రోజులు గడిచాయి. తెల్లముక్క వేసిన చోటే ముడుచుకుని కూర్చుంది, ఒక్క గింజ మీదికైనా పాకలేదు. పచ్చబూజు పట్టిందా అంటే అదీ లేదు. జొన్నలు శుభ్రంగా ఉన్నాయి, మరీ శుభ్రంగా ఉన్నాయి. రెండోసారి చేసింది, అంతే. మూడోసారీ అంతే.

ఆవిరమ్మకి తల కొట్టేసినట్టయింది. తప్పు ఆవిరిదే అయ్యుంటుందని, ఆసుపత్రిలో పెద్ద నర్సుని అడిగి జానెడు టేపు తెచ్చుకుంది. ఆవిరి సరిగ్గా తగిలితే దాని మీద నల్లచారలు తేలతాయి. కుక్కర్లో సీసాకి అంటించి చూసింది. చారలు బొగ్గులా తేలాయి. మరింక తప్పెక్కడ?

ఆ టేపు చేత్తో పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంటే మామగారు వచ్చాడు.

"అమ్మాయ్, ఆ గింజలు ఒకసారి చూపించు. ఉడికినవి కాదు, పొట్లంలోవి."

చూపించింది. ఆయన అరచేతిలో పోసుకుని వెలుతురులోకి వెళ్ళాడు. గింజలు లేత గులాబీ రంగులో ఉన్నాయి.

"జొన్న ఏ రంగులో ఉంటుంది?"

"తెల్లగా... అదేదో మేలురకం అనుకున్నా మావయ్యా."

"మేలురకమే. కానీ ఈ రంగెందుకు పూస్తారో తెలుసా? మట్టిలో వేశాక గింజకి బూజు పట్టకుండా మందు పట్టిస్తారు. చూసినవాళ్ళు పొరపాటున తినకుండా రంగేస్తారు." ఆయన బోసినోటితో నవ్వు ఆపుకోలేకపోయాడు. "నువ్వు పెంచేదేమో బూజు. దానికి వడ్డించిందేమో బూజుని చంపే మందు!"

వసారాలో సుత్తి చప్పుడు ఆగిపోయింది. భర్త నవ్వు లోపలిదాకా వినపడింది. ఆవిరమ్మ కూడా ముందు తెల్లబోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఆమె మనసు తేలికపడింది. ఆవిరి తప్పు కాదు! చేతి తప్పు కాదు!

కిరాణా కొట్లోంచి తిండి జొన్నలు తెచ్చి చేస్తే ఈసారి బూజు పాకింది. కానీ అవి ఎప్పటివో పాతగింజలు, సగం పురుగు తొలిచినవి, ఉడికించేసరికి పగిలి జావలా అయ్యాయి. నాలుగు సీసాల్లో మూడు పచ్చబడి కంపుకొట్టాయి. బండివాడి దగ్గర కొన్న గడ్డి సంగతి ఇంకా ఘోరం, అడుగున నల్లగా కుళ్ళి ఉంది. తమ్ముడు ఊరడించాడు. "మొదట్లో నాకూ ఇంతే అక్కా. మంచి గింజ దొరకడమే కష్టం."

ఆ మాట ఇంటికి తెచ్చి చెప్పింది. మామగారు అంతా విన్నాడు. కాసేపు కాళ్ళూపుతూ కూర్చుని, "ఆ రంగు గింజలు ఇంకా మిగిలున్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి. పారేద్దామనుకుంటున్నా."

"పారేస్తావా! అవి మట్టిలో వేయడానికేగా ఉన్నవి. వేద్దాం. మనమే పండిద్దాం. పండిన గింజకి ఏ మందూ ఉండదు. గింజ బూజు విత్తనానికి, చొప్ప పుట్టగొడుగులు మొలిచే పరుపుకి. ఒకే మొక్కలో రెండూనూ!"

ఆవిరమ్మ లేచి నిలబడింది. ఒకే మొక్క! కంకిలో బూజు పుడుతుంది, కాండంలో పెరుగుతుంది! ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు? ఆ పూట కూర మాడిపోయింది. మాడిన కూరే అందరూ తిన్నారు.

పండించాలంటే నేల కావాలి. ఇంటి వెనక ఖాళీ స్థలం ఒకటి ఉంది, ఇటుకముక్కలు, పగిలిన తొట్లు, పిచ్చిమొక్కలతో. అది ఆడపడుచుది. ఆడపడుచు పక్కవీధిలో బట్టలు కుడుతుంది. నోరు మిషను కంటే వేగం. ఆవిరమ్మ వెళ్ళి అడిగింది.

"వదినా, మీ వెనక స్థలంలో జొన్న వేసుకుంటాం."

"జొన్నా? తినడానికా?"

"కాదు, పుట్టగొడుగులకి."

"పుట్టగొడుగులు జొన్న తింటాయా?" ఆడపడుచు మిషను ఆపి, కళ్ళద్దాలు పైకి తోసి, మరదలిని ఎగాదిగా చూసింది. "ఆసుపత్రిలో ఆ ఆవిరి పీల్చీ పీల్చీ... సర్లే, వేసుకో. కానీ ఇటుకలన్నీ ఎత్తిపోయాలి. రేపు నేను ఇల్లు కట్టుకునేటప్పుడు మళ్ళీ ఎత్తించే పని పెట్టొద్దు."

ఇటుకలు ఎత్తడానికి పదిహేను రోజులు పట్టింది. ఆవిరమ్మ మూడింటికి డ్యూటీ దిగి, చీర కొంగు బొడ్లో దోపుకుని గంప అందుకునేది. మామగారు పారపట్టిన తీరు చూసి ఆమె నోరు వెళ్ళబెట్టింది. నడుం పట్టేసిందని పొద్దున లేవడానికి మూలిగే మనిషి, మట్టిలో దిగితే మరో మనిషి. మెత్తబడ్డ నేల గోడ వెంబడి పదిహేను అడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు తేలింది. మొదటి వాన పడ్డ మూడో రోజున తాడు లాగి ఎనిమిది సాళ్ళు గీశారు. గులాబీ గింజలు మట్టిలోకి జారాయి. అంతా అయ్యాక మామగారు సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగించాడు.

అయిదో రోజు పొద్దున్నే ఆవిరమ్మ అరుపుకి భర్త బనీనుతో పరిగెత్తుకొచ్చాడు, పామనుకుని. పాము కాదు, మొలకలు. సూదుల్లా, బారులు తీరి.

ఆ మొలకలు ఆసుపత్రిలో అందరికీ చుట్టాలయ్యాయి. "ఎంతెత్తయ్యింది ఆవిరమ్మా?" అని వార్డుబాయి దగ్గర్నుంచి మత్తుమందు డాక్టరు దాకా అడిగేవారు. ఆమె చేయి మోకాలి దగ్గర పెట్టి చూపించేది, తర్వాత నడుం దగ్గర, తర్వాత తల మీద, తర్వాత మునివేళ్ళ మీద లేచి. రెండు నెలలు దాటాక ఆకుల మధ్యనుంచి కంకి తొంగిచూసిన రోజున పని మధ్యలో రెండుసార్లు తమ్ముడి గదికి వెళ్ళి చెప్పినదే చెప్పింది.

గింజ పాలు పోసుకునే సమయానికి పిచ్చుకలకి కబురు అందింది.

ఒక పిచ్చుకా రెండు పిచ్చుకలా! మబ్బులా దిగేవి. మామగారు రేకు డబ్బా వాయించాడు, అవి గోడ మీదికి లేచి కాసేపు విని మళ్ళీ దిగాయి. సోఫా స్పంజి ముక్కలతో భర్త ఒక దిష్టిబొమ్మ చేసిపెట్టాడు. మర్నాటికి దాని నెత్తిమీదే పిచ్చుకలు కూర్చుని ఈకలు దువ్వుకుంటున్నాయి. ఒక సాలు అంచు కంకులు నాలుగు రోజుల్లో ఊచల్లా మిగిలాయి. ఆవిరమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు ఆసుపత్రిలో మూటలు కడుతుంటే ఆపరేషన్ బట్టలు చేతికి తగిలాయి. చిల్లులు పడి, ఏరి పక్కన పడేసినవి. గట్టి నూలు, గాలి ఆడుతుంది, ఎన్నిసార్లు ఆవిరి పట్టినా ఓ పట్టాన పీలికలవ్వదు. ఆమె బుర్రలో దీపం వెలిగింది. పరుగున పెద్ద నర్సు దగ్గరికి వెళ్ళింది.

"చిరుగు బట్టలు నాకిప్పించండి. కంకులకి తొడుగుతా."

"దేనికీ?"

"కంకులకండీ. టోపీల్లాగా."

పెద్ద నర్సు ఒక క్షణం ఆమె మొహంలోకి చూసి, చీటీ రాసిచ్చింది.

బట్టల మూట తీసుకుని నేరుగా ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. "వదినా, రెండొందల టోపీలు కుట్టిపెట్టాలి. కింద దారం లాగి ముడేసేలా. గంటలో కాదు కానీ, రేపటికల్లా కావాలి. మీ స్థలం పంట మీ చేతుల్లోనే ఉంది!"

ఆడపడుచు ముందు ఒంటికాలి మీద లేచింది. తర్వాత బట్ట చేత్తో నలిపి చూసింది. తర్వాత చేతికందిన కుట్టుపనులన్నీ పక్కకి నెట్టి కూర్చుంది. ఇద్దరూ పొద్దుగూకేదాకా, ఒకరు కత్తిరిస్తూ ఒకరు కుడుతూ, మధ్యలో ఒకటే నవ్వులు. మర్నాడు సాయంత్రానికి జొన్నచేలో ప్రతి కంకికీ ఆకుపచ్చ టోపీ ఎక్కింది.

వీధి వీధంతా గోడ దగ్గరికి చేరింది. ముక్కున వేలేసుకున్నవాళ్ళు కొందరు, ఫోన్లలో ఫోటోలు తీసినవాళ్ళు కొందరు. "అక్కడేంటి, రెండొందలమంది డాక్టర్లు నిలబడ్డారు?" అన్నాడు పాలు పోసే అబ్బాయి. గాలి వీస్తే డాక్టర్లందరూ ఒకేసారి తలలూపారు. పిచ్చుకలు వచ్చాయి, చుట్టూ తిరిగాయి, టోపీ మీద ముక్కుతో రెండు పోట్లు పొడిచాయి, విసుక్కుని వెళ్ళిపోయాయి. ఆడపడుచు గోడెక్కి చప్పట్లు కొట్టింది. "పోండి పోండి! నా కుట్టు ఊడదు!"

పది రోజులకి ముసురువాన రెండు రోజులు పట్టింది. తడిసిన బట్టలో గింజ మగ్గి నల్లబడుతుందని మామగారు గొడవ పెట్టాడు. అందరూ వానలోనే టోపీలు ఊడదీసి, ఎండ రాగానే పిండి ఆరేసి, మళ్ళీ తొడిగారు. ఓ ముప్ఫై కంకులు నల్లబడ్డాయి. వాటిని పక్కన పెట్టేసింది ఆవిరమ్మ, ఆపరేషన్ బల్ల మీదికి తుప్పుపట్టిన కత్తెర పంపనట్టే.

నూటపది రోజులు దాటాక మామగారు ఒక గింజ పళ్ళకింద పెట్టబోయి, పళ్ళు లేవని గుర్తొచ్చి, కొడుకు నోట్లో పెట్టాడు. టక్కుమని చప్పుడు. "కోసేద్దాం!" అన్నాడు.

రెక్సిన్ పరిచి కంకులు కొట్టారు. వసారాలో ఫ్యాను పెట్టి ఎదురుగా తూర్పారబట్టారు. పొట్టు ఎగిరి భర్త కొత్తగా కుట్టిన సోఫా నిండా పడితే, ఆయన అరవబోయి, కింద రాలుతున్న గింజలు చూసి ఊరుకున్నాడు. తెల్లగా, గుండ్రంగా, మెరుస్తూ, ఏ రంగూ లేని గింజలు. ఆవిరమ్మ మోచేతులదాకా చేతులు వాటిలో ముంచి, "ఇవి నావి, ఇవి నావి" అంది. మామగారు దగ్గి, "మనవి" అని సరిచేశాడు.

ఆరు సీసాలు పెట్టింది. నాలుగోరోజు డ్యూటీకి బయల్దేరుతూ ఒకసారి చూద్దామని అలమర తెరిచింది. తెల్లముక్క చుట్టూ పొగమంచులా ఏదో ఉంది. సీసా కిటికీ దగ్గరికి తెచ్చి కళ్ళు చికిలించింది. పొగమంచు కాదు, పోగులు! గింజనుంచి గింజకి వంతెన కట్టుకుంటూ పాకుతున్నాయి. "మావయ్యా! పాకుతోంది! పాకుతోంది!" ఆయన లేచి వచ్చేలోపు ఆరు సీసాలూ చూసేసింది. ఆరూ అంతే! రెండు వారాలు తిరిగేసరికి సీసాలు పాలు పోసినట్టున్నాయి.

ఇక పరుపులు. ఎండిన చొప్పని వేలెడు ముక్కలుగా కత్తిరించడానికి రెక్సిన్ కత్తెర తీసుకుంటే భర్త, "అది నా ప్రాణం!" అని అడ్డం పడ్డాడు. చివరికి తన ప్రాణాన్ని పరాయి చేతిలో చూడలేక తనే కూర్చుని మూట మొత్తం కత్తిరించిపెట్టాడు. ముక్కల్ని నానబెట్టి, డ్రమ్ములో వేడినీళ్ళలో గంటసేపు ఉంచి, చల్లార్చారు. పిడికిట్లో పట్టి పిండితే చేయి తడవాలి, చుక్క రాలకూడదు. ఆవిరమ్మ పిండి చూసి తలూపింది. పొరకి పొర, చొప్ప, విత్తనం, చొప్ప, విత్తనం, అలా ఆరు సంచులు నింపి, చిల్లులు పొడిచి, చీకటిగా ఉంటుందని మామగారి గదిలో తాళ్ళకి వేలాడదీశారు.

"రాత్రి పక్క మీద తిరిగితే చాలు, సంచి తగిలి మేలుకుంటున్నా" అని ఆయన ఫిర్యాదు చేసేవాడు. మార్చమంటారా అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. నీళ్ళు చిలకరించేది ఆయనే. ఏ సంచి ఎంత తెల్లబడిందో కోడలు ఇంటికి రాగానే చెప్పేదీ ఆయనే.

ఇరవైమూడో రోజున ఆవిరమ్మ పనిలో ఉండగా ఆసుపత్రికి ఫోన్ వచ్చింది. మామగారు ఆసుపత్రికి ఫోన్ చేయడం అదే మొదటిసారి. పరుగున వెళ్ళి రిసీవర్ అందుకుంది.

"అమ్మాయ్, మూడో సంచి..."

"ఏమైంది మావయ్యా, మీరు బాగున్నారా?"

"నాకేం, రాయిలా ఉన్నా. మూడో సంచి చిల్లులోంచి గుండుసూది తలకాయలంతవి వచ్చాయి. లెక్కపెట్టా. పంతొమ్మిది! ఆగాగు... ఇరవై!"

ఆవిరమ్మ అక్కడే గెంతింది. యంత్రం పక్కన నిలబడ్డ కొత్త నర్సు భయపడి రెండడుగులు వెనక్కి వేసింది.

మూడు రోజుల్లో అవి విచ్చుకున్నాయి. పొద్దున చూస్తే వేలెడు, సాయంత్రం చూస్తే చెయ్యెడు. ఒక సంచి కాదు, ఆరింటికి ఆరూ. తెల్లటి గుత్తులు గోడలకీ మంచానికీ మధ్య వేలాడుతుంటే మామగారి గది పెళ్ళిపందిరిలా ఉంది. ఆదివారం పొద్దున తమ్ముడు చూడటానికి వచ్చాడు. చెప్పులు విడిచి, గదిలోకి అడుగుపెట్టి, సంచి సంచి దగ్గరా ఆగి చూశాడు. ఒక గుత్తి మొదట్లో వేలు పెట్టి మెల్లిగా మెలితిప్పి తీసి, బరువు చూసుకున్నాడు.

"అక్కా, నాకెప్పుడూ ఇంత గుత్తి రాలేదు. ఏ జొన్న?"

"మా జొన్న!" అంది ఆవిరమ్మ. ఆ రెండు మాటల్లో ఎంత పొంగు ఉందో ఆమెకే తెలుసు.

"నాకు రెండు సీసాల విత్తనం ఇస్తావా? నా దగ్గరున్నదాంట్లో బలం లేదు."

గాజుగొట్టం ఇచ్చినవాడే విత్తనం అడుగుతున్నాడు. ఆవిరమ్మ నవ్వుతూ తలూపి, గుత్తులు కోసి గిన్నె నింపింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, ఉల్లిపాయ, మిరియాలపొడి వేసి పెద్ద మూకుడు నిండా వేయించింది. భర్త మేకులు ఊసి వచ్చాడు. ఆడపడుచు వాసన పట్టి పక్కవీధినుంచి వచ్చింది. మొదటి ముక్క నమిలి, "జొన్న తిన్నట్టే ఉందే, గట్టిగా!" అని రెండోసారి వడ్డించుకుంది.

అందరూ తింటుంటే మామగారు మాత్రం కనపడలేదు. ఆవిరమ్మ గరిటె పట్టుకునే వెనకవైపుకి వెళ్ళింది. ఆయన రెండో గోడ వెంబడి వంగి, గడ్డపారతో నేల గుచ్చి చూస్తున్నాడు. ఆడపడుచు ప్లేటు ఒక చేత్తో పట్టుకుని వెనకే వచ్చి, రెండో చేత్తో తాడు కొస అందుకుంది.

"ఇటువైపు మొక్కజొన్న వేద్దాం అమ్మాయ్" అన్నాడు మామగారు, తల ఎత్తకుండానే. "గింజ పెద్దది కదా, బూజుకి బాగా పట్టు దొరకచ్చు. గింజలు ఒలిచాక మిగిలే కండె బెండ్లు దంచి చొప్పలో కలిపితే ఎలా ఉంటుందో కూడా చూద్దాం. ఏమంటావు?"

"జానెడు దూరం వదిలి వేద్దామా, లేక దగ్గరగానా?" అంటూ ఆవిరమ్మ గరిటె గోడ మీద పెట్టి, చీర కొంగు బొడ్లో దోపుకుని, సాళ్ళు ఎటునుంచి ఎటు గీయాలో చూపించడానికి ఖాళీ నేలలోకి దిగింది.